సీట్లు లావెక్కవు

ఆకాశం ఇంకా నీలంగానే ఉందంటే అది మా అమ్మమ్మ చలవే. గాలికీ వానకీ కూడా ఇందులో కొంత వాటా ఉందని చదువుకున్నవాళ్లు అంటారు. అననివ్వండి. పదో తరగతి దగ్గరే పుస్తకం మూసేసిన మనవరాలికి అంత లోతైన సంగతులు పట్టవు. మనవరాలంటే ఎవరో కాదు, ఇది రాస్తున్నదే.

అమ్మమ్మ విమానాల సీట్లకు కవర్లు కుడుతుంది. విమానాలు దిగే మైదానం వెనక, రేకుల కప్పున్న పొడవాటి షెడ్డులో, కిటికీ పక్క మూడో మిషను ఆమెది. మొన్నమొన్నటిదాకా ఇరవై రెండేళ్లు అదే మిషను, అదే కుర్చీ, ఆ కుర్చీలో అదే అణిగిపోయిన దిండు. కొత్త మిషను ఇస్తామని రెండుసార్లు అన్నారు. "ఇది నా మాట వింటుంది. కొత్తదాని మాట నేను వినాలి. ఈ వయసులో నావల్ల కాదు," అని రెండుసార్లూ పంపేసింది.

ఆమె వేసిన కుట్టు విడిపోయిందని ఇంతవరకు ఒక్క కవరూ తిరిగి రాలేదు. షెడ్డులో ఆమెకు 'ఇనపకుట్టు' అని పేరు. ఎదురుగా ఎవరూ అనరు. ఆమెకు మాత్రం తెలుసు. తెలియనట్టు ఉండటం ఆమెకు బాగుంటుంది.

పెద్దగా కోరికలున్న మనిషి కాదు. టీ చల్లారిపోయినా తాగేస్తుంది. బస్సులో సీటు దొరికితే కూర్చుంటుంది, దొరక్కపోతే నిలబడుతుంది, రెంటికీ ఒకటే మొహం. "సంతోషంగా ఉన్నావా అమ్మమ్మా?" అని అడిగితే, "తృప్తిగా ఉన్నానే. సంతోషం చుట్టపుచూపుగా వచ్చే మనిషి. దానికోసం రోజూ పక్కలు వేసి కూర్చోలేను," అంటుంది.

పోయిన ఏడాది ఆ షెడ్డులోకి ఒక కాటా చంకన పెట్టుకుని ఓ అమ్మాయి వచ్చింది. విమానాల కంపెనీలో ఇంజనీరు. విమానంలోకి ఎక్కే ప్రతి వస్తువునూ తూచడం ఆమె ఉద్యోగం. గ్లాసులు తూచింది, దుప్పట్లు తూచింది, సీటు వెనక జేబులో పెట్టే పుస్తకం తూచి దాన్ని పీకేయించింది. షెడ్డు వాళ్లు సాయంత్రానికల్లా 'బరువు మేడం' అని పేరు పెట్టేశారు.

"ప్రతి గ్రామూ ప్రతిసారీ పైకి మోయాలమ్మా," అని అమ్మమ్మకు చెప్పింది. "మోయడానికి చమురు కాలాలి. కాలితే పొగ. ఆ పొగ ఎక్కడికీ పోదు, మన నెత్తి మీదే ఉంటుంది."

"బాగానే ఉంది గానీ మేడం, నూట ఎనభై మంది ఎక్కుతారు. వాళ్ల పొట్టలు, వాళ్ల పెట్టెలు. అవన్నీ వదిలేసి నా కవరు మీద పడ్డారేంటి?"

"మనుషుల్ని కత్తిరించలేను కదమ్మా."

అమ్మమ్మకు ఆ జవాబు నచ్చింది. నచ్చినట్టు కనపడనివ్వలేదు.

బరువు మేడం కొత్త బట్ట తెప్పించింది. ఒక చిన్న మిల్లువాళ్లు నిప్పు అంటుకోకుండా, చిరగకుండా, పాత బట్టలో సగం బరువుతో నేసిన బట్ట. దానికోసం మేడం రెండేళ్లు ఆఫీసులో పెద్దవాళ్ల చుట్టూ తిరిగిందట. అమ్మమ్మ రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇది బట్టా, ఉల్లిపొరా?" అంది. ఆమెకు పాత బట్టే ఇష్టం. మందంగా, సూది దిగితే దిగినట్టు తెలిసే బట్ట.

ముందు పది కవర్లు కుట్టమన్నారు. కోత పని చేసే కత్తెర బాబాయ్ ఎప్పటిలాగే గోడకున్న పాత కొలత అట్ట దించి, దాన్ని బట్ట మీద పరిచి, అంచు వెంబడి కోశాడు. అమ్మమ్మ కుట్టింది. లెక్క ప్రకారం ఒక్కో కవరు నాలుగు వందల ఎనభై గ్రాములుండాలి. కాటా మీద పెడితే ఐదు వందల నలభై.

ఇంకో కవరు పెట్టారు. ఐదు వందల నలభై. పక్క షెడ్డు నుంచి వేరే కాటా తెచ్చారు. అదీ అదే మాట. దారం తూచారు, అంటుకునే పట్టీలు తూచారు. ఎక్కడా తేడా లేదు. ఇక మిగిలింది బట్టే.

"మిల్లువాళ్లు మందంగా నేసేశారు," అంది బరువు మేడం. "నూట ఎనభై సీట్లకి దాదాపు పదకొండు కిలోలు ఎక్కువ. ఈ లెక్కతో పెద్దవాళ్లు ఒప్పుకోరు. శనివారం బట్ట తిప్పి పంపేస్తాను. మళ్లీ పాత బట్టే కుట్టుకోండి."

ఆ సాయంత్రం అమ్మమ్మ ఇంటికొచ్చి టీ వేడిగా ఉండగానే తాగింది. అంత హుషారు.

గురువారం సాయంత్రం మనవరాలు ఒక ప్యాంటు పట్టుకొచ్చింది. ఆర్నెల్ల కిందట అమ్మమ్మే కుట్టింది. నడుము దగ్గర గుండీ, కాజా ఎంత పిలిచినా ఒకదాని దగ్గరికి ఒకటి రావడం లేదు.

"ప్యాంటు కుంచించుకుపోయింది అమ్మమ్మా."

"అవునే, ఎండకి కరిగిపోయింది. ఇటు తే."

అమ్మమ్మ బ్లేడుతో కుట్టు విప్పింది. లోపల మడతలో రెండు వేళ్ల వెడల్పు బట్ట ఉంది. ఎప్పుడూ ఉంటుంది. షెడ్డులో చేరకముందు ఆమె ఇంట్లోనే వీధి వీధంతటికీ బట్టలు కుట్టేది. పిల్లలు ఎదుగుతారు, పెద్దలు లావెక్కుతారు, అందుకని లోపల రెండు వేళ్లు వదలాలి. మా అమ్మ చిన్నప్పుడు ఒకే గౌను నాలుగేళ్లు తొడుక్కుందట, ఏడాదికోసారి విప్పించుకుని. బట్ట వృథా చేయకపోవడమంటే అమ్మమ్మకు అదే.

బ్లేడు చేతిలో ఆగిపోయింది.

"ఏమైంది అమ్మమ్మా?"

"సీట్లు లావెక్కవు కదే," అంది, ప్యాంటుతో చెబుతున్నట్టు.

గోడకున్న ఆ అట్టను ఇరవై రెండేళ్ల కిందట గీసింది ఆమే. అప్పటికి షెడ్డులో చేరి వారమైంది. కంపెనీ కాగితంలో లోపలి బట్ట ఒక వేలు వదలమని ఉంటే, ఇదేం పిసినారితనం అనుకుని రెండు వదిలింది. అప్పట్లో కవర్లు తూచేవాళ్లు లేరు. కుట్టు విడిపోలేదు కాబట్టి విప్పి చూసినవాళ్లూ లేరు.

ప్యాంటు లూజు చేసి ఇచ్చేసింది. నోరు మూసుకుంటే చాలు. పాత బట్ట తిరిగొస్తుంది, పేరు పేరులాగే ఉంటుంది. తప్పు ఎక్కడో మొహం తెలియని మిల్లువాళ్ల మీదికి పోతుంది.

శుక్రవారం బరువు మేడం ఆమె మిషను దగ్గరికి వచ్చి కూర్చుంది. "మిల్లుకి ఉత్తరం రాస్తున్నానమ్మా. బట్ట మందంగా ఉందని ఇక్కడ అందరికంటే అనుభవమున్నవాళ్లు కూడా చెప్పారని రాయనా?"

అమ్మమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తూ, "ఊఁ," అంది.

దారం ఎక్కలేదు. ఇంకోసారి ప్రయత్నించింది, ఎక్కలేదు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి పక్క మిషను ఆమెను పిలిచి దారం ఎక్కించుకుంది.

శనివారం పొద్దున మనవరాలు బీరువాలో వెతికితే ప్యాంటు లేదు.

షెడ్డు గుమ్మంలో బట్ట చుట్టలు తాళ్లతో కట్టి ఉన్నాయి. లారీ వచ్చేసింది. అమ్మమ్మ సరాసరి వెళ్లి కాటా ఉన్న బల్ల మీద ప్యాంటు పరిచింది.

"ఏంటమ్మా ఇది?" అంది బరువు మేడం.

"మా మనవరాలి ప్యాంటు."

"ఇదీ విమానంలోకి ఎక్కుతుందా అక్కా?" అన్నాడు కత్తెర బాబాయ్. "రన్‌వే చాలదేమో!" అందరూ నవ్వారు. అమ్మమ్మ నవ్వలేదు. ప్యాంటు తిరగేసి, విప్పిన మడత జాడ చూపించి, అందులో బట్ట ఎందుకు వదిలిందో, అట్టలోనూ అలాగే ఎందుకు వదిలిందో చెప్పింది. తర్వాత ఒక కొత్త కవరు తిరగేసి, లోపలి బట్టను కుట్టు నుంచి ఒక వేలు వదిలి కత్తిరించడం మొదలుపెట్టింది. పీలికలు బల్ల మీద పడ్డాయి.

కవరు కాటా మీద పెట్టింది. నాలుగు వందల ఎనభై రెండు.

"బట్ట మంచిదే. అట్ట నాది. తప్పూ నాదే," అంది. "నిన్న ఊఁ అన్నాను, అదీ తప్పే. ఉత్తరం చింపేయండి."

కత్తెర బాబాయ్ అట్ట వైపు చూశాడు. "అయితే అక్కా, ఇన్నేళ్లూ నేను కోసిందంతా..."

"నేను గీసిందే నువ్వు కోశావు. నీదేం లేదు."

బరువు మేడం ఫోను తీసి ఏవో అంకెలు నొక్కబోయింది. ఇరవై రెండేళ్లు, ఇన్ని విమానాలు, ఇన్ని కిలోలు.

"వద్దమ్మాయ్," అంది అమ్మమ్మ. మేడం అనడం మరిచిపోయింది. "ఆ లెక్క నేను వేసుకున్నాను. బాగాలేదు."

మేడం ఫోను జేబులో పెట్టేసింది. వెళ్లి లారీవాణ్ణి పంపేసింది.

ఒక వేలు బట్టతో కుట్టు ఆగుతుందా అన్నది ఇంకా తేలలేదు. కవరు ఒక కొస కత్తెర బాబాయ్, ఇంకో కొస షెడ్డులో మూటలెత్తే లోడింగు మనిషి పట్టుకుని, కాళ్లు తన్నిపెట్టి లాగారు. ఇద్దరి మొహాలూ ఎర్రబడ్డాయి. కుట్టు కదల్లేదు. లోడింగు మనిషి చెప్పు తెగి వెల్లకిలా పడ్డాడు. అప్పుడు అమ్మమ్మ నవ్వింది. పెద్దగా, మిషను మీద తల ఆనించి, కళ్లనీళ్లు వచ్చేదాకా. ఇనపకుట్టు నవ్వగా చూడటం షెడ్డుకి అదే మొదటిసారట. మర్నాడు ఆ కుట్టును లాగుడు యంత్రానికి కూడా పెట్టారు. అదీ ఓడిపోయింది.

అట్ట అంచును అమ్మమ్మే కత్తిరించింది. ఒక వేలు వెడల్పున్న ఆ అట్టముక్కను పారేయలేదు. కుర్చీలో దిండు కింద పెట్టుకుంది. కొత్త అట్టతో కోస్తే అదే చుట్టలో అదనంగా కవర్లు వస్తున్నాయని కత్తెర బాబాయ్ చెప్పుకు తిరిగాడు, ఆ ఉపాయం తనదే అన్నట్టు.

కొత్త కవర్లతో మొదటి విమానం ఎగిరే రోజుకి బరువు మేడం టికెట్టు పట్టుకొచ్చింది. అమ్మమ్మ ఎప్పుడూ విమానం ఎక్కలేదు. టికెట్టు అటూ ఇటూ తిప్పి చూసి, కాటా వైపు చూసింది.

"నా బరువు అరవై నాలుగు కిలోలమ్మా. పదకొండు కిలోలు తగ్గించి, అరవై నాలుగు ఎక్కించమంటావా? నీ ఉద్యోగం ఊడుతుంది, పో."

కొత్త మిషను మాత్రం ఈసారి తీసుకుంది. పల్చటి బట్టకి పాత మిషనులో బట్టను నొక్కిపట్టే పాదం సరిపడటం లేదట. వారం రోజులు దాన్ని తిట్టింది. ఇప్పుడు దాన్ని 'పిల్ల' అని పిలుస్తోంది.

ఇదంతా రాసి మనవరాలు ఆమెకు చదివి వినిపించింది. అమ్మమ్మ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, గుండీలు కుడుతూ, మధ్యలో ఆపకుండా విన్నది. అయిపోయాక మనవరాలు అడిగింది: "ఇంతకీ ఏది గొప్పది అమ్మమ్మా? ఆ రోజు పగలబడి నవ్వావు చూడు, ఆ సంతోషమా? అంతకుముందు ఇరవై రెండేళ్లున్న తృప్తా?"

అమ్మమ్మ దారం పంటితో తెంపింది.

"తృప్తిగా ఉన్నాను కాబట్టే ఇన్నేళ్లు లోపల విప్పి చూసుకోలేదు. అది రాసుకో. ఆకాశం మాట కొట్టేయ్, నలుగురూ నవ్వుతారు. ఆ ప్యాంటు మళ్లీ బిగుతైందటగా? ఈసారి లోపల బట్ట లేదు. నువ్వే తగ్గు."