పద్నాలుగు వెంట్లు

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, జూన్ రెండో సోమవారం ఉదయం, ఉత్తర కాలిఫోర్నియా కొండవాలులో కొత్తగా కట్టిన ఒక ఇంటికి తుది తనిఖీ నాకు అప్పగించారు. నేను కౌంటీ భవన శాఖలో సీనియర్ ఇన్‌స్పెక్టర్‌ను. నా సంతకం పడితేనే అందులో కాపురం పెట్టవచ్చు. యజమాని కిరణ్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆదివారం గృహప్రవేశం, ముహూర్తం కుదిరిపోయింది, పిలుపులు వెళ్లిపోయాయి.

అటకలో గాలి ఆడటానికి చూరు కింద, పక్కగోడల పైభాగంలో వెంట్లు ఉంటాయి. కార్చిచ్చులో ఇళ్లను అంటించేది చాలాసార్లు మంటలు కావు, గాలికి కొట్టుకొచ్చి ఈ వెంట్లలోంచి దూరే నిప్పురవ్వలు. అందుకే ఆ ప్రాంతంలో పరీక్షకు నిలిచి, రాష్ట్ర ఆమోద జాబితాకెక్కిన వెంట్లనే పెట్టాలి. వాటికి సన్నటి లోహపు జాలీ, వేడి తగిలితే ఉబ్బి మూసుకుపోయే పూత ఉంటాయి. ఈ ఇంటికి సరైనవే కొన్నారు. కానీ పద్నాలుగింటి మీదా గోడతో పాటే క్రీమ్ రంగు కొట్టారు. జాలీ కళ్లు పూడిపోయాయి. లోపలి పూత పెయింట్ కింద ఉబ్బుతుందన్న నమ్మకం లేదు.

కారణం అడిగితే కిరణ్ భార్య శ్రావణి చెప్పింది: "ఇంటికి తీయించిన డ్రోన్ వీడియోలో ఇవి గ్రే మచ్చల్లా కనిపిస్తున్నాయి అంకుల్, అందుకే మ్యాచ్ చేయించాం."

అన్నీ మార్చాలని నోటీసు రాశాను.

"మీరు కూడా ఇలా అంటే ఎలా అంకుల్? మనవాళ్లమే కదా! ఇప్పుడు ఓకే చేసేయండి, సండే అయ్యాక ఫిక్స్ చేయిస్తా," అన్నాడు కిరణ్.

"పాలు పొంగించేది స్టవ్ మీద అంకుల్, అటక మీద కాదు!" అంది శ్రావణి.

"రవ్వ దూరేది మాత్రం అటకలోకేనమ్మా," అన్నాను.

మర్నాడు మా చీఫ్‌కు ఫిర్యాదు అందింది. తోటి తెలుగువాడి ఎదుగుదల ఓర్వలేక నేను అడ్డుపడుతున్నానట! నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లలో ఒక్క ఇంటికీ కులం, ఊరు చూసి సంతకం పెట్టలేదు, ఆపలేదు. చీఫ్ మెత్తగా, తాత్కాలిక అనుమతి ఇవ్వమన్నారు. ఇవ్వదలిస్తే ఆయన సంతకంతోనే ఇవ్వవచ్చని చెప్పి, నా రిజిస్టరు ముందు పెట్టాను. ఇంటి చెక్క చట్రం దశలో మా శాఖవాళ్లు వెంట్ల లేబుళ్లతో తీసిన ఫోటోలు, రంగు పడ్డాక నేను తీసిన ఫోటోలు తేదీలతో సహా అందులో ఉన్నాయి. బుధవారం ఆయనే స్వయంగా నిచ్చెనెక్కారు. ఒక వెంట్ జాలీకి టార్చ్ పట్టి చూస్తే వెలుగు అవతలికి పోలేదు. దిగి, నోటీసు కింద తన పేరు కూడా రాశారు.

గురు, శుక్రవారాల్లో మేస్త్రీలు పద్నాలుగూ మార్చారు. నేను ఒక్కోదాని లేబుల్ చదివి, జాలీకి టార్చ్ పట్టి చూసి, శుక్రవారం సాయంత్రం నాలుగింటికి సంతకం చేశాను. ఆదివారం పాలు పొంగాయి. నన్ను పిలవలేదు, పిలవాలని నేనూ ఆశించలేదు.

మరుసటి ఏడాది సెప్టెంబరులో ఆ కొండవాలు అంటుకుంది. అందరినీ ఖాళీ చేయించారు. అయిదో రోజు తిరిగి వెళ్లనిచ్చాక కిరణ్ ఫోన్ చేశాడు.

"అంకుల్, ఇల్లు ఉంది! కంచె కాలిపోయింది, పడమటి వెంట్ బయట అంతా బూడిద, బొగ్గుముక్కలు. అటకలో టార్చ్ వేసి చూశా, ఒక్క నుసి లేదు. అప్పుడు మిమ్మల్ని అన్న మాటలకు…"

మాటలు తరవాత చూద్దామని, ముందు వేడికి పూత ఉబ్బిన వెంట్లను మార్చమన్నాను. ఒకసారి మూసుకున్నది మళ్లీ పనికిరాదు. మిగతావాటి జాలీలను మెత్తటి బ్రష్‌తో దులిపి, ఏటా వేసవికి ముందు ఆకులు, సాలెగూళ్లు తీయమన్నాను. రంగు మాత్రం ఎన్నటికీ వేయవద్దన్నాను. ఒక్కోటీ రాసుకున్నాడు.

ఈ ఉదంతం వల్ల నా మనసులో స్థిరపడింది ఒకటే: తనిఖీ అధికారి చూడవలసింది గోడ మీద ఉన్నదాన్నే, గుమ్మంలో నిలబడ్డవాళ్లను కాదు. ముహూర్తం కోసం ఆ సోమవారమే సంతకం పెట్టి ఉంటే, వాళ్లు నన్ను మంచివాడనేవారు. ఇల్లు నిలిచేది కాదు.