ఖాళీ కుర్చీ ముందు నిలబడి

మొన్న మా అబ్బాయి నా ఎదుటికి కుర్చీ లాక్కుని, కాలు మీద కాలు వేసుకుని, "చిన్నప్పుడు నన్ను కొట్టినావే నాయనా, ఆ కోపం నాకింకా పోలేదు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మాటకు కాదు, ఆ కాలికి. మా ఇంట తండ్రి ఎదుట కొడుకు కూర్చునే వాడుక లేదు. పొలాలూ మామిడి తోపూ పోయి పూతలపట్టులో బాడుగ ఇంట చేరాక కూడా మా నాయన ఆ ఒక్క మర్యాదను వదల్లేదు.

వాడు చెప్పిన రోజు నాకూ గుర్తుంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఎనిమిదేళ్ల వాడు గడియారం పగలగొట్టి నేను కాదన్నాడు. చెంప మీద ఒక్కటిచ్చి, "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అన్నాను. ఆ మాట నాది కాదు, అప్పటికే పోయిన మా నాయనది. అది విన్న మా ఆవిడ ఆ వారమే నన్ను తిరుపతిలో ఒక మనసు డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. మా వంశంలో పిచ్చివాళ్లు లేరని బస్సులో దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాను.

మూడో వారమో నాలుగో వారమో ఆ డాక్టరమ్మ ఒక ఖాళీ కుర్చీ నా ఎదురుగా వేసి, అందులో మీ నాయన ఉన్నాడనుకుని మనసులో ఉన్నది చెప్పమనగానే, నేను లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాను. కూర్చోమంది. నా వల్ల కాలేదు. సరే, నిలబడే చెప్పండి సార్ అంది.

చెప్పాను. మా అమ్మ వడ్డాణాన్ని తువ్వాలులో చుట్టుకుని ఆయన చిత్తూరుకు పోతుంటే నేను చూశాననీ, అమ్ముకున్నది తానేనని ఒప్పుకోవడానికి పరువు అడ్డొచ్చి, నన్ను ఎత్తుకుని పెంచిన పనిమనిషి అవ్వ మీద దొంగతనం మోపాడనీ, తొమ్మిదేళ్ల నన్ను కాణిపాకంలో తడిబట్టలతో దేవుడి ఎదుట నిలబెట్టి, ఆమె తీయడం చూశానని ప్రమాణం చేయించాడనీ చెప్పాను. "చెప్పరా, ఇంటి పరువు" అన్నాడు ఆ రోజు. చెప్పాను. అవ్వ నన్ను ఒక్క మాట అనలేదు. "బిడ్డకు సలేస్తాండాది, తల తుడవండి సామీ" అని మా నాయనతో అని, వెళ్లిపోయింది.

అక్కడ తప్పు ప్రమాణం చేసినవాణ్ణి దేవుడు వదలడని మా వైపు అందరి నమ్మకం. ఏ జ్వరం వచ్చినా ఇదే ఆ శిక్ష అని ముప్పయ్యేళ్లు వణికాను. "నీ పరువుకు నన్ను బలి పెట్టినావు గదా నాయనా!" అని అరిచి కుర్చీని తన్నాను. అది గోడకు తగిలి పడింది. మరుక్షణం నేనే వంగి, దాన్ని లేపి, కండువాతో దుమ్ము దులిపాను. బయటికి వస్తే మా ఆవిడ కళ్లు తుడుచుకుంటూ, "ఈ గొంతు ఇన్నేళ్లు యాడ దాసిపెట్టినారు?" అంది.

జ్వరం భయం ఆనాటితో పోయింది. కోపం పోలేదు, పోవాలని కూడా నాకు లేదు. అవ్వను వెతుక్కుంటూ పోయేసరికి ఆమె బతికి లేదు.

మొన్న మా వాడితో, "ఇంకా ఉంటే చెప్పు" అన్నాను. గంటసేపు చెప్పాడు. కాలు దించమనలేదు. నేను తిట్టేనాటికి మా నాయన కుర్చీ ఖాళీ. మా వాడి ఎదుటి కుర్చీలో నేనున్నాను, నడుము నిటారుగా పెట్టుకుని, వింటూ.