పచ్చ దీపం పక్కన మాట

నాందేడ్‌లో నేనూ ఆమే ఒకే గదిలో పనిచేసేవాళ్లం. ఆమెది తెలంగాణ సరిహద్దున కిన్వట్ వైపు పల్లె. అక్కా అని పిలిచేవాణ్ని. యంత్రాల్లో ఉండే చిప్ ఉన్నట్టుండి మొరాయిస్తే, దాని లోపల ఏం జరుగుతోందో కంప్యూటర్‌కు చూపించే చిన్న బోర్డు తయారుచేసింది. ఎవరైనా చేసుకోవచ్చని నమూనా మొత్తం ఇంటర్నెట్‌లో పెట్టేసింది.

వైర్లు కలపగానే చిప్ మీదికి వంగి "ఉన్నవా?" అనేది. అది తన గుర్తింపు సంఖ్య తిరిగి పంపేదాకా నన్ను ఏదీ ముట్టుకోనిచ్చేది కాదు. నాకేమో తొందర.

"సీదా ప్రోగ్రాం ఎక్కిద్దాం అక్కా."

"గట్లెట్ల? పిలవకుండ ఎవరింట్లకన్న పోతమా? బయట నిలబడి అడగాలె. 'ఉన్న' అన్నంకనే లోపలికి."

చిప్ పలికితే బోర్డు మీద పచ్చ దీపం వెలుగుతుంది. దాని పక్కన తెలుగులో 'ఉన్న' అని అచ్చు వేయించింది. ఎవరికి అర్థమైతదని నవ్వాను. "మా అమ్మ లోపల్నుంచి గిట్లనే పలుకుతది" అంది.

తర్వాత వేరే ఉద్యోగానికి వెళ్లిపోయింది. ఆమె పాత నంబరుకు ఫోన్ చేస్తే ఇప్పుడు ఎవరో మగమనిషి ఎత్తి, ఎవరు కావాలని మరాఠీలో అడుగుతాడు.

మొన్న అదే నమూనా బోర్డు ఒకటి కొన్నాను. ఎక్కడ ఎవరు చేశారో తెలియదు. ఆ అక్షరాలూ సర్క్యూట్‌లో భాగమే అనుకున్నారేమో, అలాగే అచ్చేశారు. 'న్న' కింది వత్తు మాత్రం కాస్త విరిగింది.

వైర్లు కలిపి, వంగి, "ఉన్నవా అక్కా?" అన్నాను.

పచ్చ దీపం వెలిగింది. చిప్ ఉందట.