చుట్లు లెక్కపెట్టే వడ్రంగి

రావికమతం నుంచి వచ్చే మా వడ్రంగితో వేగడం నా వల్ల అయ్యేది కాదు. ఏ మాను కోసినా రంపం పక్కన పెట్టి, కోసినచోట కనిపించే చుట్లను గోటితో లెక్కపెట్టేవాడు. ఏడాదికొక చుట్టు; వానలు పడితే వెడల్పు, కరువైతే సన్నం అనేవాడు.

యుద్ధం రోజుల్లో అనకాపల్లిలో మా ఇంటి దూలం మార్పించాను. పైకప్పు విప్పేశాక మబ్బు కమ్ముకొచ్చింది. అతనేమో పాత దూలం కోసి, దాని ముందే కూర్చున్నాడు.

"ఏటయ్యా ఇది? వానొత్తంది!" అని అరిచాను.

"ఉండండి బాబూ, లెక్క తప్పిపోతాది."

ఇంతలో మా నాయనమ్మ వచ్చింది. "ఈ ఇల్లు కట్టిన ఏడే నేను పుట్టేను. కరువుని ఎంటబెట్టుకొచ్చేనని మా అత్త సచ్చేదాకా దెప్పింది" అంది.

"అబద్ధం మామ్మా. సన్నం సుట్లు లోపలున్నాయి, సూడు. బెరడు పక్కన ఐదూ ఎడల్పే. కరువెళ్ళిపోయిన ఐదేళ్ళకి కొట్టిన మానిది. నువ్వు పుట్టేసరికి వానలే."

చినుకులు మొదలయ్యాయి. గదిలో బెల్లం కుండలు తడుస్తున్నాయి. నాయనమ్మ మాత్రం కదల్లేదు.

"మళ్ళీ లెక్కెట్టు నాయనా" అంది.

పళ్ళు కొరుక్కుంటూ గొడుగు తెచ్చి, వాళ్ళిద్దరి మీదా పట్టుకుని నిలబడ్డాను.