రుక్కమ్మ చేబదులు కుండ

యముడు ప్రాణం తీసుకుపోవడానికి వస్తే మా గద్వాల రుక్కమ్మ, "బదులుకు తీస్కపో. రేపొచ్చి తెచ్చుకుంట" అంటుంది. అనడమే కాదు, తెల్లారగానే యముడి గుమ్మం ముందు నిలబడి, "ఏదీ నా ప్రాణం? సొట్ట గిట్ట పడలే గద?" అని తిప్పి తిప్పి చూస్తుంది. ఏడో తరగతిలోనే బడి నాకు సరిపోదని తేల్చి బయటికొచ్చిన మేధావిని, అబద్ధం చెప్పను.

రుక్కమ్మ ఎవరికీ ఏదీ ఇవ్వదు. చేబదులిస్తుంది, అంతే. మగ్గాల వీధిలో మా గోడా ఆమె గోడా ఒకటే. గత్తర రోగానికి తల్లిదండ్రులు పోయిన పిల్లలను తెచ్చి సాకేది. తిండి పెట్టేది, నేత నేర్పేది, తిట్లు మాత్రం కొలత లేకుండా పోసేది. పెద్దవాళ్లయ్యాక, "ఇగ నీ బతుకు నువ్వు బతుకు" అని సాగనంపుతూ చేతిలో ఒక వస్తువు పెట్టేది.

"ఇచ్చిననుకునేవు! బదులు. నాకు మళ్ల గావాలె."

ఆమె సాకిన జోగులమ్మ పెళ్లయి పెద్దమందడి పోతుంటే ఒక చేట చేబదులిచ్చింది. నెల తిరక్కుండా ఆ చేట కోసం బండి కట్టించుకొని వెళ్లి, ఉత్త చేతులతో తిరిగొచ్చింది.

"చేటేది పెద్దమ్మా?" అన్నాను.

"దానికింక జర పనున్నదంట."

మళ్లీ బండి, మళ్లీ ఉత్త చేతులు. ఆ ఎద్దులు నిద్రలో కూడా పెద్దమందడి వైపే నడిచేవి. ఇదేం పిచ్చో ఎవరికీ అంతుపట్టలేదు. చేట అల్లికలో బంగారు తీగ ఉందని వీధంతా గుసగుస. ఆ మాట పుట్టించింది నేనే. అది ఊరు తిరిగి నా దగ్గరికే వచ్చేసరికి నేనూ నమ్మేశాను.

తర్వాత హన్మంతు వంతు వచ్చింది. వాడికి ఒక కుండ చేబదులిచ్చింది. వాడు వీధి చివర గదిలో అద్దె మగ్గం పెట్టుకున్నాడు. రుక్కమ్మ రోజూ కుండ చూసుకోవడానికని పోయేది. మూత తీసేది, లోపలికి తొంగి చూసేది, గొణుక్కుంటూ వచ్చేది. కుండలో ఏముంది? ఉండబట్టలేక ఒకరోజు వెంట పోయాను.

రుక్కమ్మ మూత తీసింది. లోపల పల్చటి గంజి.

"ఇదేందిరా?"

"పడుగు దారాలకు పెట్టే గంజి, అవ్వా."

"మరి నిన్నటిదాంక ఉన్న జొన్న గట్కేది?"

హన్మంతు మగ్గం వైపు చూశాడు.

"జొన్నలన్ని నూలుకు తాపి నువ్వు పస్తుంటున్నవా? వండుకొని తినుమని కుండిస్తే దారాలకు విందు జేస్తున్నవా!"

అప్పుడు బయటపడింది. పట్టును బంగారంలా దాచుకునే యుద్ధం రోజులవి. షావుకారు అనంతయ్య చీరకు నూలైతే ఇచ్చాడు గానీ అంచుకూ కొంగుకూ పట్టు ఇవ్వనన్నాడు. వెనకా ముందూ ఎవరూ లేనివాడు, రేపు పట్టుతో పారిపోతే ఎవరిని అడగాలి? పట్టు లేనిదే చీర లేదు, చీర లేనిదే కూలి లేదు.

"నాకెందుకు జెప్పలే?"

"నీ బతుకు నువ్వు బతుకుమంటివి గదవ్వా."

రుక్కమ్మకు నోట మాట రాలేదు. ఇది గద్వాల చరిత్రలోనే మొదటిసారి కాబట్టి వీధిలో మగ్గాలన్నీ ఆగి చెవులు రిక్కించాయి. ఆమె గంజి పారబోసి, కుండను చంకన పెట్టుకొని, నేరుగా అనంతయ్య అరుగు మీదికి ఎక్కింది.

"సావుకారీ, మా హన్మంతుకు పట్టెందుకిస్తలేవు?"

"వాని వెనక ఎవరున్నరు రుక్కమ్మా? పారిపోతే?"

"ఎట్ల పారిపోతడు? వాని దగ్గర నా కుండున్నది."

"కుండ నీ సంకల్నే ఉన్నది గదా!"

"కడిగి మళ్ల ఇస్త. కుండ కోసం నేనెట్లనన్న రోజు పోత. పోయినప్పుడు నీ పట్టు గూడ జూసొస్త. నా సామాను పట్టుకొని తప్పించుకున్నోడు ఎవడన్న ఉన్నడా? జెప్పు!"

అనంతయ్య గడ్డం గోక్కున్నాడు. పెద్దమందడి చేట సంగతి ఆయనకూ తెలుసు. చేట కోసం అన్నిసార్లు బండెక్కిన మనిషి కుండ కోసం కాశీ దాకానైనా తరుముతుంది. ఇంతకంటే గట్టి పూచీ నిజాం రాజ్యంలో దొరకదు. లోపలికి వెళ్లి పట్టు తెచ్చి ఇచ్చాడు.

ఆ సాయంత్రం కుండ మళ్లీ హన్మంతు గదికి చేరింది, నిండా వేడి గట్కతో. నేను ఊరుకోలేక అడిగాను.

"పెద్దమ్మా, గా కుండ వానికే ఇచ్చెయ్యరాదూ?"

"ఇచ్చేస్తె మళ్ల ఏ మొఖం పెట్టుకొని పోవాలెరా?"

ఇప్పుడామె ఇంట్లో చేటల్లేవు, కుండల్లేవు. అన్నీ ఊళ్లమీదున్నాయి. వాటిని చూసి రావడానికి ఆమె కూడా ఊళ్లమీదే ఉంటుంది.

ఇదంతా రాసి, దొరికినప్పుడు కూర్చోబెట్టి చదివి వినిపించాను. అంతా విని, మొదట్లో రాసిన యముడి మాట దగ్గరికే మళ్లీ వచ్చింది.

"తప్పు రాసినవ్ పాండూ. యమునికెందుకిస్త? బదులు మనోళ్లకే ఇస్త."