పెద్దదానికి రాదట

మా పెద్దది గుంటూరులో పుట్టింది, చిన్నది ఇక్కడ అమెరికాలో. ట్యాక్సుల సీజన్ వచ్చేదాకా ఆ తేడా ఇంట్లో ఎవరికీ పట్టలేదు. ఆ శనివారం మావారు డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని, పిల్లల ముందే నోరు జారారు.

"పిల్లలకని ట్యాక్సులో తగ్గించే చైల్డ్ క్రెడిట్ పెద్దదానికి రాదోయ్. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేదుగా. చిన్నదానికే వస్తుంది."

ఇడ్లీ తింటున్న పెద్దది ఆగిపోయింది. "నేను చైల్డ్ కాదా, డాడీ?"

"అబ్బే, అదేం లేదు బంగారం, వీసా రూల్ అంతే," అన్నారాయన. ఎనిమిదేళ్ల పిల్లకి వీసా రూలు చెబుతున్నారు! నాకు ఒళ్లు మండింది. "కాస్త చూసుకుని మాట్లాడండి," అని గిన్నెలు సింకులో పడేశాను. పెద్దది మిగిలిన ఇడ్లీ చెల్లెలి ప్లేటులో పెట్టి, లేచి వెళ్లిపోయింది.

ఆ వారమే మా స్టేట్‌లో ఒక బిల్లు పెట్టారని తెలిసింది. అది పాసైతే, ఆ నంబరున్నా లేకపోయినా ఇక్కడ పెరిగే పిల్లలందరికీ స్టేట్ క్రెడిట్ ఇస్తారట. డబ్బు కోసమే అయితే నేను అంత కొట్టుకునేదాన్ని కాదు. పెద్దదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, "చూడు, ఇందులో నువ్వూ ఉన్నావు" అని చూపించాలి, అంతే. అప్పట్నుంచి నాకు ఒకచోట కాలు నిలవలేదు. పొయ్యి మీద పప్పు పెట్టి ఫోన్ చూస్తూ మాడబెట్టాను. స్కూల్ పికప్ లైన్‌లో వెనక కారువాడు హారన్ కొట్టేదాకా ఆ బిల్లు పేజీనే రిఫ్రెష్ చేస్తూ కూర్చునేదాన్ని. ఎప్పుడు చూసినా కమిటీలోనే ఉంది. ఆ కమిటీ మొహం మండ, ఎన్నాళ్లు నానబెడతారో!

"ఊరికే బీపీ తెచ్చుకోకు. పెద్దది ఆ మాట ఎప్పుడో మర్చిపోయుంటుంది," అన్నారు మావారు. నాకూ అలాగే నమ్మాలని ఉండేది.

నిన్న, ఎదురు అపార్ట్‌మెంట్‌లోకి కొత్తగా దిగిన తెలుగావిడ పెరుగు తోడు కోసం వచ్చింది. నేను వంటింట్లో చిన్న గిన్నెలోకి తోడు తీస్తున్నాను. తలుపు దగ్గర నిలబడ్డ మా పెద్దదాన్ని ఆవిడ ముద్దుగా పలకరించింది.

"మీరు ఎంతమందమ్మా పిల్లలు?"



"నన్ను కౌంట్ చేసి చెప్పాలా ఆంటీ, చేయకుండానా?"