బొటనవేలి కింద పేరు

చంద్రపూర్ స్టేషన్ వెయిటింగ్ రూములో తెలుగు పుస్తకం చదువుకుంటున్నాను. ఒక నడివయసావిడ కాసేపు పుస్తకం అట్టకేసి చూసి, వచ్చి పక్కన కూర్చుంది.

"అన్నా, జర ఇది చదివి చెప్తరా? మెల్లగ."

ఫోన్ నా ముందు పెట్టింది. పంపినవాళ్ల పేరు కనబడకుండా బొటనవేలు అడ్డం పెట్టింది. కింద నాలుగు తెలుగు వాక్యాలు.

మాట రికార్డు చేసి పంపుకోవచ్చు కదా అన్నాను.

"ఇంట్ల అందరికి ఇనబడ్తది. మరాఠీల రాస్తే పిల్లలు చదువుతరు. గందుకే తెలుగుల రాయమన్న. మా ఇంట్ల తెలుగు చదువుడు ఎవ్వలకు రాదు."

"మీకు?"

"నాకూ రాదు."

ఆవిడ నవ్వలేదు. వాళ్ల ఘుగ్గుస్ గనుల కాలనీలో తెలుగు చదివేవాళ్లు ఉన్నారట. "వాళ్లతోని చదివిస్తే పొద్దుగూకేసరికి అందరికి ఎరుకైతది. మీరైతే బండెక్కి పోతరు."

ఆవిడకు మాత్రమే వినబడేలా చదివాను. రెండో వాక్యం మళ్లీ చదవమంది. చదివాను. కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ యాప్ నడిపేవాళ్లు కూడా చూడలేని మెసేజ్ అది, చదివిన కాసేపటికి దానంతటదే చెరిగిపోతుంది. మేం చూస్తుండగానే పోయింది. బొటనవేలు తీయకుండానే ఆవిడ ఫోన్ సంచిలో వేసుకుంది.

నా పేరు చెప్పబోయాను.

"వద్దన్నా," అంది.

ఆ నాలుగు వాక్యాలూ నాకింకా పొల్లు పోకుండా గుర్తున్నాయి. ఏం రాసుందని మా ఆవిడ చాలాసార్లు అడిగింది. చదివేలోపే బండి వచ్చేసిందని చెబుతుంటాను.